సెట్టింగ్స్ మాయమైందా? రీసెట్ కొట్టించే ముందు ఇవి చూడండి

ఈ సంచిక కోసం నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అందిన ఉత్తరాల్లో చాలావరకు ఫోనులో సెట్టింగ్స్ కనబడకపోవడం గురించే ఉన్నాయి. అందువల్ల బ్యాటరీ, ఛార్జింగు ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి పూర్తిగా ఈ విషయానికే చోటు కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. నా దగ్గర శాంసంగ్ ఫోను ఉంది. వేసవి సెలవులకు వచ్చిన మనవడు దానితో ఆడుకుని హైదరాబాదు వెళ్లిపోయిన తరువాత చూస్తే సెట్టింగ్స్ గుర్తు ఎక్కడా లేదు. అక్షరాలు కాస్త పెద్దవి చేసుకుందామన్నా దారి లేకుండా పోయింది. బజారులో సెల్ షాపుకు తీసుకువెళితే, సాఫ్ట్‌వేర్ పోయిందనీ, రీసెట్ కొట్టాలనీ, లోపల ఉన్న ఫోటోలన్నీ పోతాయనీ చెప్పారు. ఏమి చేయమంటారు? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: మాస్టారూ, ముందుగా ఒక మాట. ఆ రీసెట్ చేయించకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ ఫోనులో సెట్టింగ్స్ చెక్కుచెదరకుండా ఉండి, దాని గుర్తు మాత్రమే తెర మీద నుంచి తొలగి ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ అనేది మనం దించుకున్న యాప్ కాదు. ఫోను తయారైనప్పుడే సిస్టమ్ విభాగంలో చేర్చి ఇస్తారు. ఫోను మామూలుగా నడుస్తున్నంతకాలం ఆ విభాగాన్ని చదవడమే తప్ప అందులో ఉన్నదాన్ని చెరపడానికి వాడేవారికి అనుమతి ఉండదు. అందుకే సెట్టింగ్స్ గుర్తును వేలితో నొక్కి పట్టుకున్నా మనం దించుకున్న యాప్‌లకు వచ్చే 'అన్‌ఇన్‌స్టాల్' అనే మాట దానికి రాదు. తెర మీద గుర్తులను వరుసగా పేర్చి చూపేది లాంచర్ అనే వేరొక యాప్. అందులో ఒక గుర్తును తీసివేయడమంటే దుకాణం బోర్డు దించడమే గాని దుకాణం మూసివేయడం కాదు. పిల్లవాడి చేతిలో సాధారణంగా జరిగేది ఆ బోర్డు దింపుడే.

ఇది నిజమో కాదో మీరే ఒక నిమిషంలో తేల్చుకోవచ్చు. తెర పై అంచు నుంచి వేలిని కిందికి జరిపితే నోటిఫికేషన్లు వస్తాయి. మరొకసారి కిందికి జరిపితే వైఫై, బ్లూటూత్, టార్చిలైటు వంటి బిళ్లలన్నీ పరుచుకుంటాయి. కొత్త శాంసంగ్ ఫోన్లలో ఈ రెండూ విడివిడిగా ఉంటాయి కనుక పై అంచు కుడి మూల నుంచి జరపవలసి ఉంటుంది. ఆ పలక పైభాగంలో కుడివైపున పళ్లచక్రం ఆకారంలో చిన్న గుర్తు కనబడుతుంది. దాన్ని తాకండి. సెట్టింగ్స్ తెరుచుకుంటే సాఫ్ట్‌వేర్ పోయిందన్న మాటకు ఆధారం లేనట్టే. పళ్లచక్రం దొరకకపోతే వైఫై బిళ్లను కాసేపు నొక్కి పట్టుకోండి. అప్పుడు వచ్చే వైఫై పేజీ కూడా సెట్టింగ్స్‌లోని భాగమే. అలాగే తెర మీద ఏ యాప్ గుర్తునైనా నొక్కి పట్టి, వచ్చిన చిన్న పెట్టెలో 'యాప్ ఇన్ఫో' గుర్తును తాకినా తెరుచుకునేది సెట్టింగ్స్ పేజీయే. ఈ మూడింటిలో ఏ ఒక్కటి పనిచేసినా యాప్ బతికే ఉందని అర్థం.

ఇక పోయిన గుర్తును తిరిగి తెచ్చుకోవడం. హోమ్ తెర మీద కింది నుంచి పైకి జరిపితే యాప్‌లన్నీ ఉన్న జాబితా వస్తుంది. దాని పైభాగంలో గాని, అడుగున గాని వెతికే పెట్టె ఉంటుంది. అందులో సెట్టింగ్స్ అని ఇంగ్లీషులో కొట్టి చూడండి. మీ ఫోను భాష తెలుగులో ఉంటే అదే యాప్ పేరు 'సెట్టింగ్‌లు' అని ఉంటుంది కాబట్టి తెలుగులోనూ వెతకండి. చాలామంది జాబితాలో ఇంగ్లీషు ఎస్ అక్షరం దగ్గర చూసి, లేదని నిర్ణయించుకుంటారు. అది కాస్తా 'స' దగ్గర కూర్చుని ఉంటుంది. కనబడగానే నొక్కి పట్టి, 'యాడ్ టు హోమ్' అన్నదాన్ని తాకితే హోమ్ తెర మీదికి చేరుతుంది. వెతికినప్పుడు ఏదో ఒక ఫోల్డరు లోపల ఉన్నట్టు తేలితే ఆశ్చర్యపోకండి. ఒక గుర్తును లాగి మరొక గుర్తు మీద వదిలితే రెండూ కలిసి ఫోల్డరు అవుతాయి. ఆటలాడే పిల్లల వేళ్లకు ఇది తెలియకుండానే జరిగిపోతుంది.

జాబితాలోనూ లేకపోతే గుర్తును దాచి ఉంచారని అనుకోవాలి. శాంసంగ్ ఫోన్లలో హోమ్ తెర మీద గుర్తులేమీ లేని ఖాళీ చోట వేలు నొక్కి పట్టుకుంటే తెర కాస్త చిన్నదై, కింద కొన్ని గుర్తులు వస్తాయి. వాటిలో 'సెట్టింగ్స్' అని ఉన్నది హోమ్ తెరకు సంబంధించినది మాత్రమే. దాన్నే అసలు సెట్టింగ్స్ అనుకుని, ఇందులో ఫాంటు లేదు, వైఫై లేదు అని గాభరా పడేవారు ఉన్నారు. అందులోకి వెళ్లి 'హైడ్ యాప్స్' అన్నదాన్ని తెరిస్తే దాచిన యాప్‌లు విడిగా కనబడతాయి. అక్కడ సెట్టింగ్స్ మీద ఉన్న తీసివేత గుర్తును తాకి 'డన్' నొక్కితే చాలు, అది తన చోటికి వచ్చేస్తుంది.

మరొక అవకాశం కూడా ఉంది. తెర మొత్తం రూపమే మారిపోయి, గుర్తులు బొమ్మల్లాగా రంగురంగులుగా కనబడుతుంటే, మనవడు వేరే లాంచర్ యాప్ ఏదో దించి ఉంటాడు. దాన్ని తొలగించడానికి సెట్టింగ్స్‌తో పని లేదు. ప్లేస్టోర్ తెరిచి, పైన కుడి మూలన ఉన్న మీ ఖాతా బొమ్మను తాకి, 'మేనేజ్ యాప్స్ అండ్ డివైస్' లోకి వెళ్లి, ఫోనులో ఉన్న యాప్‌ల జాబితాను చూడండి. సెలవుల రోజుల్లో వచ్చి చేరినవన్నీ అందులో ఉంటాయి. అవసరం లేనివాటిని అక్కడి నుంచే తొలగించవచ్చు. కొత్త లాంచర్ పోగానే ఫోను తన పాత తెరకు తిరిగి వస్తుంది. ఇదే ప్లేస్టోర్‌లో సెట్టింగ్స్ అనే పేరుతో దొరికే చిన్న చిన్న యాప్‌లను మాత్రం దించుకోకండి. అవి అసలు సెట్టింగ్స్‌ను తెరిచి చూపే దారులే తప్ప దాన్ని తిరిగి పెట్టేవి కావు. వాటితో పాటు ప్రకటనల బెడద కూడా వస్తుంది.

షాపువారి సలహా ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. రీసెట్ కొడితే ఫోటోలు పోతాయన్నది సగం మాటే. సెట్టింగ్స్ నుంచి కాకుండా బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, ఫోను మళ్లీ మొదలవుతున్నప్పుడు, అంతకుముందు అందులో ఉన్న గూగుల్ ఖాతా పేరూ, పాస్‌వర్డూ అడుగుతుంది. దొంగిలించిన ఫోన్లను చెరిపి అమ్ముకోకుండా 2015లో ఆండ్రాయిడ్ 5.1తో తెచ్చిన కట్టడి ఇది. ఫోను కొన్న రోజున ఆ ఖాతాను కొడుకో, అల్లుడో, షాపులోని కుర్రవాడో తెరిచి ఇచ్చి ఉంటే, పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండకపోతే, రీసెట్ అయిన ఫోను మీ చేతికే అక్కరకు రాకుండా పోయే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా రీసెట్ తప్పనిసరి అయితే, ముందు జీమెయిల్ తెరిచి అందులో ఏ ఖాతా ఉందో రాసి పెట్టుకుని, ఆ పాస్‌వర్డు మరొక ఫోనులో పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. వాట్సాప్‌లో 'చాట్స్' కింద ఉండే 'చాట్ బ్యాకప్'ను నొక్కాలి. ఫోటోలను గూగుల్ ఫోటోస్‌లోకి గాని, కేబులు తగిలించి కంప్యూటరులోకి గాని ఎక్కించుకోవాలి. వీటిలో దేనికీ ఫోను సెట్టింగ్స్ అవసరం లేదు.

మీరు కోరిన పెద్ద అక్షరాలు 'డిస్‌ప్లే' కింద 'ఫాంట్ సైజ్ అండ్ స్టైల్'లో ఉన్నాయి. అక్కడే 'ఈజీ మోడ్' అనేది కూడా ఉంది. దాన్ని పెట్టుకుంటే గుర్తులూ, అక్షరాలూ రెండూ పెద్దవవుతాయి. దసరాకు మనవడు మళ్లీ వచ్చేలోగా, హోమ్ తెర సెట్టింగ్స్‌లో 'లాక్ హోమ్ స్క్రీన్ లేఅవుట్' అన్నదాన్ని ఆన్ చేసి ఉంచండి. అప్పుడు గుర్తులను లాగడం గాని, తీసివేయడం గాని కుదరదు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. నాది గెలాక్సీ ఫోను. అనవసరమైన యాప్‌లను తీసివేస్తే వేగం పెరుగుతుందని విని, ఫోనును కంప్యూటరుకు తగిలించి, ఇంటర్నెట్‌లో దొరికిన ఒక జాబితా ప్రకారం ఎడిబి (కంప్యూటరు నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే సాధనం) ద్వారా చాలా ప్యాకేజీలను, అంటే ఫోనులోని యాప్‌లను, తొలగించాను. అప్పటి నుంచి పైన ఉన్న పళ్లచక్రం గుర్తును తాకినా ఏమీ తెరుచుకోవడం లేదు. ఫోటోలు పోకుండా సరిచేసుకునే మార్గం ఉందా? – ఒక విద్యార్థి, చీమకుర్తి

జవాబు: చీమకుర్తి వారికి గెలాక్సీ అంటే ముందుగా గుర్తుకు వచ్చేది అక్కడ దొరికే బ్లాక్ గెలాక్సీ అనే నల్లరాయే. ఆ రాయిని క్వారీలో తప్పుగా కోస్తే మళ్లీ అతికించలేరు. మీరు చేసిన పనికి మాత్రం మందు ఉంది. పై ఉత్తరానికీ మీ ఉత్తరానికీ తేడా ఏమిటంటే, అక్కడ పోయింది గుర్తు. ఇక్కడ యాప్‌నే ఫోను పక్కన పెట్టింది. అయినా అది పూర్తిగా చెరిగిపోలేదు. సాధారణంగా అలాంటి జాబితాల్లో ఇచ్చే ఆదేశంలో 'యూజర్ జీరో' అని ఉంటుంది. అంటే మొదటి వాడుకరి వరకు మాత్రమే ఆ యాప్‌ను తొలగించమని అర్థం. అసలు ఫైలు సిస్టమ్ విభాగంలో అలాగే ఉండిపోతుంది. దాన్ని మళ్లీ ఆ వాడుకరికి జోడించమని చెబితే సరిపోతుంది.

కంప్యూటరు ఇచ్చే ఆదేశాలను ఫోను అంగీకరించేలా చేసే యూఎస్‌బీ డీబగ్గింగ్ మీ ఫోనులో ఆన్‌లో ఉండగానే సెట్టింగ్స్ పోయింది కనుక అది ఇప్పటికీ ఆన్‌లోనే ఉండి ఉండాలి. ఇదే మీ అదృష్టం. ఇంతకుముందు వాడిన కంప్యూటరుకే మళ్లీ తగిలించండి. ఆ కంప్యూటరుకు మీరు ఇదివరకే అనుమతి ఇచ్చి ఉన్నారు కాబట్టి కొత్తగా అడిగే అవకాశం తక్కువ. ఎడిబి షెల్‌లోకి వెళ్లి, ముందు ప్యాకేజీల జాబితాను తొలగించినవాటితో సహా చూపమని అడగండి. 'పీఎం లిస్ట్ ప్యాకేజెస్' తరువాత ఒక అడ్డగీత, దాని వెంట చిన్న 'యు' అక్షరం ఇవ్వాలి. ఆ జాబితాలో 'కామ్ చుక్క ఆండ్రాయిడ్ చుక్క సెట్టింగ్స్' అన్న పేరు కనబడితే ఫైలు పదిలంగా ఉన్నట్టే. ఆ తరువాత 'సీఎండీ ప్యాకేజ్ ఇన్‌స్టాల్-ఎగ్జిస్టింగ్' అని రాసి, ఖాళీ వదిలి, ఆ ప్యాకేజీ పేరును ఇవ్వండి. అంతా ఇంగ్లీషు చిన్న అక్షరాలలో, పేరు మధ్య ఖాళీలు లేకుండా ఉండాలి. యూజర్ జీరోకు ఇన్‌స్టాల్ అయిందని జవాబు వస్తే ఫోనును ఒకసారి ఆపి మళ్లీ వేయండి.

తొలగించడం కాకుండా కేవలం 'డిసేబుల్' చేసి ఉంటే పై ఆదేశం వల్ల ఉపయోగం ఉండదు. అప్పుడు 'పీఎం ఎనేబుల్' అని రాసి అదే ప్యాకేజీ పేరు ఇవ్వాలి. ఏది చేశారో మీకు గుర్తు లేకపోతే రెండూ ఒకదాని తరువాత ఒకటి ఇచ్చినా నష్టం లేదు. మరొక విషయం. 'సెట్టింగ్స్ ఇంటెలిజెన్స్' అని చివర ఉండే వేరే ప్యాకేజీ ఒకటి ఉంది. సెట్టింగ్స్ లోపల వెతికే పెట్టెను నడిపేది అదే. మీరు అనుసరించిన జాబితా వంటివాటిలో దాన్ని కూడా అనవసరమైనదిగా రాస్తుంటారు. సెట్టింగ్స్ తిరిగి వచ్చి, అందులో వెతకడం మాత్రం పనిచేయకపోతే దాన్ని కూడా ఇదే పద్ధతిలో వెనక్కి తెచ్చుకోండి.

ఒకవేళ డీబగ్గింగ్ ఆపివేసి ఉంటే పరిస్థితి ఇబ్బందికరమే. దాన్ని ఆన్ చేయవలసిన చోటు సెట్టింగ్స్‌లోనే ఉంది మరి. అప్పుడు మిగిలేది రికవరీ (ఫోనును ఆపి బటన్లతో తెరిచే మరమ్మతు తెర) ద్వారా ఫ్యాక్టరీ రీసెట్. దానివల్ల మీ సమాచారం అంతా చెరిగిపోతుంది గాని, సిస్టమ్ విభాగంలో ఉన్న యాప్‌లన్నీ కొత్త ఫోనులో ఉన్నట్టే తిరిగి వస్తాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి శాంసంగ్ ఫోన్లలో రికవరీలోకి వెళ్లాలంటే, ఫోనును ఆపి, కేబులుతో కంప్యూటరుకు తగిలించి ఉంచి, వాల్యూమ్ పెంచే బటన్‌నూ పవర్ బటన్‌నూ కలిపి నొక్కాలి. కేబులు లేకుండా ఎంత నొక్కినా మామూలుగానే తెరుచుకుంటుంది. గూగుల్ పాస్‌వర్డు గురించి కావలి పాఠకుడికి రాసినది మీకూ వర్తిస్తుంది. ఇక వేగం గురించి నా అభిప్రాయం చెప్పాలంటే, మూలన పడి ఉండే యాప్‌లను తీసివేయడం వల్ల కలిగే లాభం చాలా స్వల్పం. నిల్వలో కొంత ఖాళీ ఉంచుకుంటే అంతకంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

ప్రశ్న: మాది రొయ్యల సాగు. నా బండికి చలానా ఉందంటూ వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. తెరిచి చూస్తే ఏదో యాప్ ఎక్కింది. కాసేపటికి దాని గుర్తు కనబడకుండా పోయింది. ఇప్పుడు సెట్టింగ్స్ తాకితే తెరుచుకున్నట్టే తెరుచుకుని వెంటనే మూసుకుపోతున్నది. సెట్టింగ్స్ పాడైపోయిందా? – ఒక రైతు, అల్లూరు

జవాబు: ఈ ఉత్తరానికి అచ్చులో జవాబు ఇచ్చేసరికి ఆలస్యమవుతుంది కనుక, ఇదే స్థితిలో ఉన్న ఇతరుల కోసం కూడా రాస్తున్నాను. మీ సెట్టింగ్స్ పాడు కాలేదు. దాన్ని మీరు తెరవకుండా ఎవరో లోపల నుంచి అడ్డుపడుతున్నారు. రవాణా శాఖ గాని, పోలీసులు గాని చలానా కోసం వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (తెరిస్తే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) పంపరు. చలానా నిజంగా ఉందో లేదో కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరుతో మీరే చూసుకోవచ్చు. అలా వచ్చే యాప్‌లు ఎక్కిన వెంటనే 'యాక్సెసిబిలిటీ' అనుమతి అడుగుతాయి. చూపు లేనివారికి తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించడానికీ, వారి బదులు బటన్లు నొక్కడానికీ ఉద్దేశించిన సౌకర్యం అది. ఆ అనుమతి దొంగ యాప్ చేతికి చిక్కితే, మీ తెర మీద ఉన్నదంతా అది చదవగలదు. మీరు సెట్టింగ్స్ తెరవగానే మీ బదులు వెనక్కి నొక్కి మూసివేయగలదు. తనను తొలగించకుండా చేసుకునే కాపలా అది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, ప్లేస్టోర్ బయటి నుంచి వచ్చిన యాప్‌లకు ఈ అనుమతి సులువుగా దొరకకుండా అడ్డుకట్ట వేశారు. అయినా 'అలౌ' నొక్కమని ఆ యాప్ వాళ్లే బొమ్మలతో సహా నేర్పిస్తారు.

ముందు చేయవలసినది ఫోను బాగు చేసుకోవడం కాదు, డబ్బు కాపాడుకోవడం. పై నుంచి పలకను దించి విమానం గుర్తును తాకి ఎయిర్‌ప్లేన్ మోడ్ వేయండి. వైఫై కూడా ఆపండి. సిమ్ కార్డు తీసి ఇంట్లో వేరొక మామూలు ఫోనులో వేసుకోండి. అప్పుడు ఓటీపీలు ఆ దొంగ యాప్ కంట పడవు. వెంటనే మీ బ్యాంకుకు ఫోను చేసి ఖాతా నుంచి చెల్లింపులను నిలిపివేయమని చెప్పండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే 1930కి ఫోను చేయండి. అది సైబర్ ఆర్థిక మోసాలపై ఫిర్యాదుకు దేశమంతటికీ ఉన్న నంబరు. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే అవతలి ఖాతాలో నిలిపివేయడానికి అంత అవకాశం ఉంటుంది. మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లించి ఉంటారన్న అనుమానం ఉంటే, సిమ్ ఉన్న ఫోనులో రెండు హ్యాష్ గుర్తులు, 002, మళ్లీ ఒక హ్యాష్ గుర్తు కొట్టి డయల్ చేయండి. మళ్లింపులన్నీ రద్దవుతాయి.

ఆ పని అయ్యాక ఫోను సంగతి చూడవచ్చు. పవర్ మెనూ తెప్పించి, 'పవర్ ఆఫ్' అన్నదాన్ని తాకి వదిలేయకుండా నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో 'సేఫ్ మోడ్' అనే మాట వస్తుంది. దాన్ని ఒప్పుకుంటే ఫోను ఆగి మళ్లీ మొదలై, తెర కింది మూలన సేఫ్ మోడ్ అని చూపుతుంది. ఈ స్థితిలో మనం దించుకున్న యాప్‌లు ఏవీ నడవవు గనుక ఆ కాపలా కూడా ఉండదు. సెట్టింగ్స్ నిలకడగా తెరుచుకుంటుంది. అప్పుడు యాక్సెసిబిలిటీలో మీకు తెలియని పేరు ఏది ఉన్నా ఆపండి. భద్రతకు సంబంధించిన పేజీలో 'డివైస్ అడ్మిన్ యాప్స్' అన్నచోట టిక్కు ఉంటే తీసివేయండి. అది తీయనిదే యాప్ తొలగదు. ఆ తరువాత యాప్‌ల జాబితాలో ఆ ఫైలు వచ్చిన రోజున చేరినదాన్ని వెతికి తొలగించండి. గుర్తు దాచుకున్నా ఈ జాబితాలో దాని పేరు ఉంటుంది. ఒక్కోసారి సిస్టమ్ అప్‌డేట్ వంటి నమ్మించే పేరు పెట్టుకుని ఉంటుంది.

కావలి మాస్టారికి రీసెట్ వద్దన్నాను గాని, మీకు మాత్రం ఇదంతా చేశాక కూడా ఫోటోలు, ఫోను నంబర్లు భద్రపరచుకుని ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేయమనే చెబుతాను. ఫోనులో ఇంకేమి వదిలి వెళ్లిందో బయటి నుంచి చూసి చెప్పడం కష్టం. రీసెట్ అయ్యాకనే యూపీఐ పిన్‌నూ, బ్యాంకు, జీమెయిల్ పాస్‌వర్డులనూ మార్చండి. దొంగ యాప్ ఉన్న ఫోనులోనే మార్చితే కొత్తవి కూడా దానికి తెలిసిపోతాయి. మేత వ్యాపారులూ, రొయ్యలు కొనేవారూ మీ నంబరుతోనే లావాదేవీలు జరుపుతారు కాబట్టి, మీ వాట్సాప్ నుంచి వారికి కూడా ఇదే ఫైలు వెళ్లిందేమో కనుక్కోండి. వెళ్లి ఉంటే తెరవవద్దని వెంటనే చెప్పండి.

ప్రశ్న: పిల్లలు మా ఫోను భాషను ఏదో తెలియని లిపిలోకి మార్చేశారు. సెట్టింగ్స్ ఏదో గుర్తుపట్టలేకపోతున్నాను. – ఒక గృహిణి, కొత్తపట్నం

జవాబు: అమ్మా, లిపి మారినా బొమ్మ మారదు. పై పలకలోని పళ్లచక్రాన్నే తాకండి. శాంసంగ్ అయితే కిందికి వెళ్లి, చిన్న మీటలు జరిపినట్టు గీతలున్న గుర్తును తెరవండి. అందులో మొదటిదే భాష. ఇతర ఫోన్లలో చాలావరకు జాబితా చివర ఉండే 'సిస్టమ్'లో భూగోళం గుర్తు పక్కన ఉంటుంది. అక్కడ ప్రతి భాష పేరూ దాని సొంత లిపిలోనే రాసి ఉంటుంది కనుక 'తెలుగు' అన్నది మీకు తెలుగులోనే కనబడుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఐఫోనులో సెట్టింగ్స్ డిలీట్ అయిపోయింది. యాప్‌స్టోర్‌లో వెతికినా దొరకడం లేదు. – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఐఫోనులో సెట్టింగ్స్‌ను డిలీట్ చేయడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే యాప్‌స్టోర్‌లో అది దొరకదు. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి గుర్తును హోమ్ తెర మీద నుంచి మాత్రం తీసివేయవచ్చు. తెరలను ఎడమవైపుకు జరుపుకుంటూ చివరిదాకా వెళితే యాప్ లైబ్రరీ వస్తుంది. అందులో వెతికి, గుర్తును నొక్కి పట్టి 'యాడ్ టు హోమ్ స్క్రీన్' అనండి. హోమ్ తెర మధ్యలో వేలిని కిందికి జరిపి వెతికినా వస్తుంది. తెర అంతా గందరగోళంగా ఉంటే సెట్టింగ్స్‌లో 'జనరల్', దాని చివర ఉన్న 'ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ ఐఫోన్', అందులో 'రీసెట్', ఆపైన 'రీసెట్ హోమ్ స్క్రీన్ లేఅవుట్' అన్నది ఎంచుకోండి. ఇది గుర్తులను మొదటి వరుసకు తెస్తుంది, లోపలి సమాచారాన్ని ముట్టుకోదు. మొదటి 'రీసెట్' కిందనే ఉన్న 'ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్' జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.

ప్రశ్న: వాయిదాల మీద కొన్న ఫోనులో సెట్టింగ్స్ తెరుచుకుంటుంది గాని, కొన్ని పేజీలు బూడిద రంగులో ఉండి, అడ్మిన్ అనుమతి లేదని చూపుతున్నాయి. రీసెట్ పేజీ కూడా తెరుచుకోవడం లేదు. ఇది ఎలా తొలగించాలి? – ఒక పాఠకుడు, టంగుటూరు

జవాబు: ఇది చెడిపోవడం కాదు. మీరు అప్పు తీసుకున్నప్పుడు ఫోనును మొదటిసారి తెరిచే సమయంలోనే, దాన్ని నియంత్రించే యాప్‌ను అందులో పెట్టి ఉంటారు. ఆఫీసులు తమ సిబ్బందికి ఇచ్చే ఫోన్లలో కూడా ఇదే ఏర్పాటు వాడతారు. అలాంటి యాప్‌కు ఫోను మీద యజమాని హోదా ఉంటుంది కనుక, సేఫ్ మోడ్‌లోనూ అది అలాగే ఉంటుంది, సెట్టింగ్స్ నుంచి తొలగదు. డబ్బు తీసుకుని దాన్ని తీసివేస్తామనేవారి చేతికి ఫోను ఇస్తే, ఫోను పూర్తిగా తాళం పడిపోయే అవకాశం ఉంది. వాయిదాలు ఇంకా ఉంటే అవి పూర్తయ్యే వరకు ఆగవలసిందే. అన్నీ కట్టేసి ఉంటే, చివరి రసీదు పట్టుకుని అప్పు ఇచ్చిన సంస్థనే అడగండి. బాకీ లేదన్న ధ్రువీకరణ పత్రాన్నీ, ఫోను మీద నియంత్రణ తొలగించామన్న మాటనూ రాతపూర్వకంగా తీసుకోండి. వారు తమ వైపు నుంచి విడుదల చేసిన తరువాత ఫోను ఇంటర్నెట్‌కు కలిసి ఉంటే ఆ పేజీలు వాటంతట అవే తెరుచుకుంటాయి.